ఉప్పలయ్య ఎడమ చెయ్యి

నా చెయ్యి మంచిది కాదని నాలుగు రోజుల్లో నలుగురు మగవాళ్ళు తేల్చి చెప్పారు. మొదటివాడు చర్లపల్లి కంపెనీలో సరుకు కొలిచి చూసే పవన్‌కుమార్. రెండోవాడు నాకు లేత్ మెషిన్ అమ్మిన వెంకటరామయ్య. మూడోవాడు నా మొగుడు నరేందర్. ఈ ముగ్గురూ అన్నంత మాత్రాన నేను కుంగిపోయేదాన్ని కాదు. నాలుగోవాడు ఉప్పలయ్య మామ, నాకు లేత్ నేర్పిన గురువు. ఆయన కూడా అదే మాట అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు చూడండి, అప్పుడు నాకు ఒళ్ళు మండింది.

నా పేరు స్వర్ణలత. మాది ఆలేరు దగ్గర పల్లె. పెళ్ళయి చిల్కానగర్ వచ్చాక, నాచారంలో ఒక షెడ్డులో ఊడ్చే పనికి కుదిరాను. పెద్ద కంపెనీలకు కావలసిన ఇనుప సామాను తయారు చేసి ఇచ్చే చిన్న షెడ్డు అది. లేత్ కింద పడిన ఇనుప చుట్టలు ఎత్తి బస్తాలో నింపడం నా పని. రెండేళ్ళు ఊడ్చాను. ఊడుస్తూ చూశాను. ఒకరోజు రెండో మెషిన్ మనిషి పనికి రాలేదు, సరుకు కోసం ట్రాలీ వచ్చి వాకిట్లో నిలబడింది. ఉప్పలయ్య మామ నన్ను పిలిచి మెషిన్ ముందు నిలబడమన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ ఒక్కదానికి ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను. విశ్వాసం వేరు, కోపం వేరు.

లేత్ ఎరగనివాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. ఇనుప కడ్డీ ఒక కొసను చక్ అనే దవడల్లో బిగించి గిరగిరా తిప్పుతారు. పక్కనుంచి పదునైన టూల్‌ని దానికి ఆనించి, చెక్కు తీసినట్టు ఇనుమును తీస్తారు. ఆ టూల్‌ని మోసే బండి, కింద పట్టాల్లాంటి బెడ్ మీద కుడి నుంచి ఎడమకు, చక్ వైపు జరుగుతూ పోతుంది. బెడ్ తిన్నగా ఉంటే కడ్డీ తిన్నగా వస్తుంది. బెడ్ అరిగితే రాదు. ఈ కథకు ఇంతకన్నా ఇంజనీరింగు అక్కర్లేదు.

ఉప్పలయ్య మామ చదువు చెప్పే తీరు వేరు. మొదటి రోజే గాజులు తీయించాడు. కొంగు ఊగకుండా నరేందర్ పాత చొక్కా చీర మీద తొడిగించాడు. ట్రాలీ వచ్చిన ఆ ఒక్క పూట గడిచాక, నెల రోజులు టూల్‌కి సాన పట్టించాడు తప్ప మెషిన్ ముట్టనివ్వలేదు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని వినమన్నాడు. ఇనుము మంచిగా తెగుతుంటే నూనెలో పూరి వేగినట్టు వినిపిస్తుందని, ఆ చప్పుడు ఏమాత్రం మారినా ఎక్కడో తేడా ఉందని అర్థమని చెప్పేవాడు. ఇంకొక నియమం ఉంది. బండి తనంతట తానే జరగడానికి ఆటో అని ఒక లివరు ఉంటుంది. అది వేశాక చేతులు దూరంగా పెట్టాలి. పొరపాటున నా చెయ్యి టూల్‌ని ముందుకు నెట్టే పిడి దగ్గరకు పోతే, ఇనుప స్కేలుతో మోచేతి మీద ఒక్కటి వేసేవాడు.

"ఆటో ఏసినంక మిషన్ పని మిషన్ జేస్తది. నడుమ నీ చెయ్యెందుకు?" అనేవాడు. ఆరేళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు.

పాత మెషిన్ చూడటం కూడా ఆయనే నేర్పాడు. మూతపడిన కంపెనీల సామాను నాచారం యార్డులకు వస్తుంది. షెడ్డు ఓనరు ఏదైనా కొనాలంటే మామను తీసుకుపోయేవాడు. నేను పనిముట్ల సంచి మోసుకుంటూ వెంట పోయేదాన్ని. రంగు నిన్న వేసింది, అరుగుడు ఇరవై ఏళ్ళది, కాబట్టి రంగు చూడొద్దనేవాడు. గడప నడుమనే అరిగినట్టు బెడ్ ఎప్పుడూ చక్ దగ్గరే అరుగుతుందట, ఎందుకంటే పనంతా జరిగేది అక్కడే. బండిని ఆ కొస నుంచి ఈ కొసకు చేత్తో తోసి చూడాలి. ఆ కొసన బిగుతుగా ఉండి చక్ దగ్గర వదులైతే, అక్కడ బెడ్ అరిగినట్టు లెక్క. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం?

సొంతంగా పెట్టుకోవాలనుకున్నప్పుడు చిల్కానగర్‌లోనే ఒక షట్టరు అద్దెకు తీసుకున్నాం. చర్లపల్లి కంపెనీ వాళ్ళు ముందుగా అరవై పిన్నులు చేసి చూపమన్నారు. పిన్ను అంటే బట్టలకు పెట్టుకునేది కాదు. జానెడు పొడవు, బొటనవేలంత లావు ఉండే ఉక్కు కడ్డీ. ఈ కొస నుంచి ఆ కొస దాకా వెంట్రుక మందంలో మూడో వంతుకు మించి తేడా ఉండకూడదు. అవి నచ్చితే నెలనెలా పని. ఇక కావలసింది మెషిన్.

నాచారంలో వెంకటరామయ్య యార్డుకు నేనూ, నరేందర్, ఉప్పలయ్య మామ పోయాం. వెంకటరామయ్యది తెనాలి వైపు. పాతికేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు, పాత మెషిన్లు కొని బాగుచేసి అమ్ముతాడు. మనిషి మాట తేనె. ఆ తేనెంతా మగవాళ్ళకే. మెషిన్ కొనేది నేనని చెప్పాక కూడా ఆయన నరేందర్‌తో మాట్లాడాడు. నరేందర్ ట్రాలీ ఆటో నడుపుతాడు, లేత్‌కి ముందేదో వెనకేదో తెలియదు. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు నా మొగుడికి చెప్పాడు. కాసేపటికి నాకు నేనే కనబడుతున్నానా లేదా అని అనుమానం వచ్చింది.

ఒక ఆకుపచ్చ మెషిన్ దగ్గర ఆగాం. తళతళలాడుతోంది. నేను నేర్చుకున్నట్టే రంగు వదిలేసి బెడ్ చూశాను. చక్ దగ్గర జానెడు మేర, కొత్తగా గీసిన చంద్రవంకల్లాంటి గీతలు ముచ్చటగా ఉన్నాయి. మంచి మేస్త్రీలు బెడ్‌ని చేత్తో గీకి సరిచేస్తే అలాంటి గీతలే వస్తాయి. అరిగిన బెడ్ మీద అందం కోసం ఉత్తినే గీసినా అలాగే ఉంటాయి. బండిని తోసి చూశాను. చక్ దగ్గరకు రాగానే తేలికగా జారింది. ఆ మాట పైకే అన్నాను.

వెంకటరామయ్య నవ్వి నరేందర్ వైపు చూశాడు. ఉప్పలయ్య మామ మాత్రం మా మాటలు వినడం లేదు. మెషిన్ వెనక్కి పోయి, కింద ఎక్కడో అతుకు వేసిన చోటు తడిమి చూస్తున్నాడు. లేచి నిలబడినప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది.

"గిది నా మిషనే, బిడ్డా. ఇర్వై రెండేండ్లు దీని మీదనే జేసిన. గీ అతుకు నా ముంగటనే ఏసిన్రు."

మా షెడ్డుకు రాకముందు ఆయన నాచారంలోనే ఒక పెద్ద కంపెనీలో పనిచేశాడు. అది మూతపడింది. అక్కడి మెషినే చేతులు మారి, రంగు మారి, ఇక్కడ తేలింది. ఇంతకన్నా గట్టి హామీ ఏముంటుంది? ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి సర్టిఫికెట్ ఇస్తున్నాడు. చక్ దగ్గర వదులుగా ఉందని మళ్ళీ అన్నాను. అది మొదటి నుంచీ అంతేనని, దాని వల్ల ఒక్కరోజూ పని ఆగలేదని ఆయన కొట్టిపారేశాడు.

అంతలో వెంకటరామయ్య మనిషి కడ్డీ బిగించాడు. మామ నిలబడి ఒక కోత వేశాడు. పూరి వేగిన చప్పుడు. నా సొంత మైక్రోమీటరుతో కొలిచాను. రెండు కొసలా ఒకే కొలత. నేను కూడా ఒకటి తిప్పి చూస్తానన్నాను. మేస్త్రీ గారే చూశాక ఇంకా ఎందుకండీ అని వెంకటరామయ్య నరేందర్‌తో అన్నాడు. మామ జేసినంక ఇగ నువ్వేం సూస్తవ్ అని నరేందర్ నాతో అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఈ కథలో నాకు అందరికన్నా ఎక్కువ కోపం ఆ నిమిషంలో నోరు మూసుకున్న స్వర్ణలత మీదే.

యార్డులో ఒక కట్టుబాటు ఉంది. కాగితం, రసీదు ఏమీ ఉండదు, ఏడు రోజుల మాట ఉంటుంది. ఏడు రోజుల్లో మెషిన్‌లో లోపం తేలితే అమ్మినవాడు డబ్బిచ్చి తిరిగి తీసుకోవాలి. కాకపోతే ఆ లోపాన్ని కొన్నవాళ్ళు చెబితే చెల్లదు. కొనేముందు పరీక్ష చేసిన మేస్త్రీ తన నోటితో చెప్పాలి. అంటే ఉప్పలయ్య మామ చెప్పాలి. శనివారం మెషిన్ మా షట్టరులో దిగింది. మా పొదుపంతా అందులోనే ఉంది. వచ్చే శనివారం దాకా గడువు.

ఆదివారం మెషిన్‌ని సమంగా నిలబెట్టుకుని, సోమవారం అరవై పిన్నులూ తిప్పాను. మంగళవారం నరేందర్ ట్రాలీలో చర్లపల్లి పోయాం. పవన్‌కుమార్ ఒక్కొక్కటే కొలిచి, పక్కన పెట్టి, చివరికి అన్నీ మళ్ళీ మా డబ్బాలోనే వేశాడు. చక్ వైపు కొస లావుగా ఉందన్నాడు. వెంట్రుకలో మూడో వంతు కాదు, దాదాపు పూర్తి వెంట్రుక. మెషిన్ కొత్తదని నేనేదో చెప్పబోతే, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మేడమ్ అని నవ్వాడు. సోమవారం దాకా టైము ఇచ్చాడు. అదొక్కటే మేలు.

ఇంటికొచ్చి అన్నీ సరిచూశాను. టూల్ మార్చాను. రెండో కొసను పట్టుకునే ఆసరాను మళ్ళీ మళ్ళీ సరిచేశాను. ఆ ఆసరా పక్కకు జరిగి ఉంటే కడ్డీ మొదటి నుంచి చివరి దాకా క్రమంగా లావు కావాలి. నా పిన్నులు అలా లేవు. సగానికి పైగా చక్కగా ఉండి, చివరి నాలుగు అంగుళాల్లో ఉన్నట్టుండి లావెక్కుతున్నాయి. ఇది బెడ్ లోపమే, ఇంకొకటి కాదు. బుధవారం వెంకటరామయ్యకు ఫోన్ చేశాను. "మెషిన్‌లో ఏం లేదమ్మా. మేస్త్రీ గారి చేతిలో బాగానే వచ్చింది కదా. కొత్త చెయ్యి కదండీ, కుదురుకోవాలి" అన్నాడు. ఎనిమిదేళ్ళ ఇనుము నా గోళ్ళలో ఉంది, ఆయనకు నాది కొత్త చెయ్యి. గురువారం నరేందర్ భయం భయంగా అదే మాట అన్నాడు. ఆయన తప్పేం లేదు, అందరూ అంటుంటే నమ్మాడు. అయినా ఆ పూట ఆయనకు చారు మాత్రమే పోశాను.

శుక్రవారం ఉప్పలయ్య మామను బతిమాలి పిలుచుకొచ్చాను. ఆయన పిన్ను బిగించి, ఆటో వేసి, తిప్పాడు. నేను పక్కనే నిలబడి టూల్ మొననే చూశాను. నేర్చుకునేవాళ్ళు అందరూ టూల్‌నే చూస్తారు. కొలిస్తే ఈ కొసా ఆ కొసా ఒక్కటే. ఇంకొకటి తిప్పాడు. అదీ అంతే. లోపం ఉందని నీ నోటితో ఒక్క మాట చెప్పు మామా, రేపటితో గడువైపోతుంది అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"మిషన్ మంచిగనే ఉన్నది, బిడ్డా. నీ చెయ్యే ఇంక నిలుస్తలేదు. లేనిది ఉన్నదని నేనెట్ల జెప్పాలె?"

చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే మరీ మండింది. అబద్ధాలకోరైతే తిట్టి ఊరుకునేదాన్ని.

ఆయన తిప్పిన రెండు పిన్నులూ బల్ల మీద ఉన్నాయి. ఏం చేయాలో తోచక వాటిని వాకిట్లో ఎండకు పట్టి తిప్పి తిప్పి చూశాను. అప్పుడు కనబడింది. చివరి నాలుగు అంగుళాల్లో మూడు చోట్ల, కడ్డీ చుట్టూ సన్నటి ఉంగరాల్లాంటి గీతలు. గోరుకు తగలవు, కంటికి ఎండలోనే ఆనుతాయి. రెండో పిన్ను చూశాను. సరిగ్గా అవే చోట్ల అవే మూడు గీతలు. నా అరవై పిన్నులూ ముందేసుకుని చూశాను. ఒక్కదాని మీదా లేవు.

ఆ గీతలు ఎప్పుడు పడతాయో లేత్ మీద నిలబడినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇనుము తెగుతుండగా ఎవరైనా పిడిని రవంత తిప్పి, టూల్‌ని ముందుకు నెడితే పడతాయి. ఆటో వేసి ఉండగా. నా మోచేతి మీద స్కేలుతో కొట్టిన మనిషి, ఆటో వేసి ఉండగా, మూడుసార్లు చెయ్యి పెట్టాడు. బెడ్ పల్లంగా ఉన్న చోట టూల్ వెనక్కి పోతుంటే, దాన్ని ముందుకు నెట్టి కడ్డీని సరిచేశాడు. చేసి, మెషిన్ మంచిదన్నాడు. చేసి, నా చెయ్యి మంచిది కాదన్నాడు. బల్ల మీదున్న స్కేలు తీసి గోడకేసి కొట్టాను.

కోపం కాస్త దిగాక ఇంకో సంగతి తట్టింది. నాచారం షెడ్డు మెషిన్ మీద ఆయన తిప్పిన సామాను వందలసార్లు కొలిచాను. వాటి మీద ఈ గీతలు ఎప్పుడూ చూడలేదు. అంటే ఈ మెషిన్ ముందు నిలబడితేనే ఆయన చెయ్యి కదులుతోంది. కదులుతోందని ఆయనకు తెలుసా? తెలిస్తే శుక్రవారం నన్ను అంత జాలిగా చూడగలడా? దానికి జవాబు ఆయన్ని అడిగితే రాదు. ఆయన చేతిని అడగాలి.

శనివారం మధ్యాహ్నం భోజనాల వేళకు అందరినీ షట్టరు దగ్గరకు రప్పించాను. మామ రానంటే, గడువు చివరి రోజు, ఒక్క పిన్ను చూసి పో అని బలవంతం చేశాను. వెంకటరామయ్య స్కూటర్ మీద వచ్చాడు. వచ్చినవాడు కుర్చీలో కూర్చుని నరేందర్‌తో మేడిపల్లి రోడ్డు మీద ట్రాఫిక్ గురించి మాట్లాడుతున్నాడు. నేను కడ్డీ బిగించాను. ఎదురు హోటల్ నుంచి చాయ్ తెప్పించాను. మామకు చాయ్ సాసర్‌లో పోసుకుని తాగే అలవాటు. నిండుగా పోసి సాసర్ ఎడమ చేతికి, గ్లాసు కుడి చేతికి ఇచ్చి, ఎప్పుడూ నిలబడే చోటే నిలబెట్టాను.

"నువ్వు చెయ్యి పెట్టకు మామా. చాయ్ తాగుకుంట ఇను, గంతే. నేను సుత చెయ్యి పెట్ట."

ఆటో వేసి, నా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నాలుగడుగులు దూరం జరిగాను. బండి కదిలింది. పూరి వేగిన చప్పుడు. మామ అలవాటుగా కళ్ళు అరమూసి తల వంచి వింటున్నాడు. సగం దాటింది. చక్ ఇంకా నాలుగు అంగుళాలు ఉందనగా చప్పుడు కాస్త సన్నబడింది. ఈసారి నాకూ తెలిసింది. అదే క్షణం ఆయన ఎడమ మణికట్టు చటుక్కున తిరిగింది. సాసర్ ఒరిగి చాయ్ చొక్కా మీద పడింది. ఆయన ఉలిక్కిపడి సాసర్ సర్దుకున్నాడు. ఇంకో అంగుళం పోయాక మణికట్టు మళ్ళీ తిరిగింది. మళ్ళీ చాయ్ ఒలికింది. మూడోసారి తిరిగేసరికి సాసర్‌లో చుక్క లేదు.

ఇది నేను అనుకున్నది కాదు. చేతులు ఖాళీ లేకుండా చేద్దామని మాత్రమే చాయ్ ఇచ్చాను. మెషిన్ ఆపాను. మైక్రోమీటరు వెంకటరామయ్యకు ఇవ్వబోతే కళ్ళజోడు తేలేదన్నాడు. మామకే ఇచ్చాను. ఆయన ఈ కొస కొలిచాడు, నడుమ కొలిచాడు. చక్ వైపు కొలిచి, మైక్రోమీటరు తుడిచి, మళ్ళీ కొలిచాడు. మిల్లీమీటరులో నూరో వంతులు ఆరు. లావు. నా పిన్నులు ఎంత లావో అంతే.

వెంకటరామయ్య ముందుగా తేరుకున్నాడు. లోపం ఏముందండీ, మేస్త్రీ గారి కిటుకేదో అమ్మాయి కూడా నేర్చుకుంటే సరిపోతుంది కదా అన్నాడు, నరేందర్‌తోనే. నరేందర్ కూడా ఆశగా నా వైపు చూశాడు. అక్కడికి నా ఓపిక అయిపోయింది.

"నాతోని మాట్లాడున్రి. కొన్నది నేను. మిషన్ ఒంకరుంటే మిషన్ సక్కగ జేయాలె గాని, నా చెయ్యెందుకు ఒంకర జేసుకోవాలె?" అన్నాను.

కానీ నేను అరిస్తే లోపం తేలదు. మేస్త్రీ నోటితో రావాలి. అందరం మామ వైపు చూశాం. ఆయన చాయ్ మరకలున్న చొక్కాతో, ఎడమ చెయ్యిని కుడి చేత్తో పట్టుకుని స్టూల్ మీద కూర్చున్నాడు. అక్కడి నుంచే చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ కంపెనీలో చేరిన మొదటి ఏడు ఆయన తిప్పిన సామాను కూడా ఇలాగే లావు వచ్చేదట. మెషిన్ తేడాగా ఉందేమో అని ఒకసారి అడిగాడట. సూపర్‌వైజర్ షాపులో అందరి ముందు ఆడలేక మద్దెల ఓడన్నాడని నవ్వించి, నెల రోజులు మెషిన్ మీద నుంచి దింపి చీపురు చేతికిచ్చాడట. నాకూ మొదట చీపురే ఇచ్చారు. ఆయనకు మాత్రం మెషిన్ చేతిలోంచి లాక్కుని చీపురిచ్చారు.

"నా చెయ్యే మంచిగ లేదనుకున్న. నేర్సుకున్న. ఎట్ల నేర్సుకున్ననో నాకే యాది లేదు, సామాను మంచిగొచ్చింది. పంద్రాగస్టుకు శాలువ గప్పిన్రు. మిషన్‌ను మల్ల ఎన్నడు అడగలే."

అని లేచి, వెంకటరామయ్య వైపు తిరిగి, బెడ్ అరిగింది, నేను చూసి మంచిదని చెప్పిందే తప్పు, తీసుకుపోండి అన్నాడు. వెంకటరామయ్య వాదించలేదు. కట్టుబాటు దాటితే రేపు ఆయన యార్డుకు మేస్త్రీలు ఎవరూ రారు. రేటు తక్కువ మెషిన్లలో ఇలాంటివి మామూలేనని గొణుగుతూ లారీకి ఫోన్ చేశాడు.

గొడవ అక్కడితో అయిపోవాలి. కానీ నాకు కోపం తీరలేదు. లారీ ఎక్కిన మెషిన్ ఎక్కడికి పోతుంది? మళ్ళీ యార్డుకే. మళ్ళీ కొత్త రంగు, మళ్ళీ చంద్రవంకలు, ఎవరో ఒకరు కొంటారు. మళ్ళీ ఒకరి చెయ్యి మంచిది కాదంటారు. అదే మాట మామతో అన్నాను. ఆయన నా పనిముట్ల డబ్బా తెరిచాడు. సామాను మీద నంబర్లు కొట్టే ఉక్కు పంచ్‌లు నా దగ్గర ఉన్నాయి. సుత్తి, ఉలి, ఆరు నంబరు పంచ్ తీశాడు. బెడ్‌కి పక్కవైపు ఇనుము మీద, అరుగుడు మొదలైన చోట ఉలితో నిలువుగా ఒక గీత కొట్టాడు. చక్ దగ్గర ఇంకో గీత. రెండింటి నడుమ ఆరు అంకె, అంటే ఈ మేర ఆరు నూరో వంతుల తేడా. ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచి కింద ఇనుము బయటపడింది. లేత్ తెలిసినవాడు ఎవడు చూసినా అర్థమయ్యే రాత అది.

సరుకు పాడు చేస్తున్నారని వెంకటరామయ్య పరుగున వచ్చాడు. నోటి మాట మీ దగ్గరే ఆగిపోతుంది సేటూ, ఇది మెషిన్‌తో పాటు పోతుంది అని మామ ఇంకో దెబ్బ వేశాడు.

లారీ వచ్చేసరికి గంట పట్టింది. నరేందర్ నా పిన్నుల డబ్బాను ట్రాలీలో పెట్టాడు. నా పిన్నులు లావుగా ఉన్నాయి కాబట్టి బతికిపోయాయి, సన్నవైతే పారేయాల్సిందే. ఆదివారం నాచారం షెడ్డు మెషిన్ మీద వాటిని సరిచేసుకోవడానికి ఓనరు ఒప్పుకున్నాడు. సోమవారానికి అందుతాయి. నా చెయ్యి గురించి శుక్రవారం అన్న మాట వెనక్కి తీసుకుంటాడేమోనని నేను మామ వైపే చూస్తున్నాను. అడిగి తీసుకుందామనే ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి, ఎడమ అరచెయ్యి ఎండలోకి చాపి, ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు.

"గట్లయితే బిడ్డా," అన్నాడు నా వైపు తిరగకుండానే, "గప్పుడు, మొదట్ల, నా చెయ్యి మంచిదేనా?"

అరవై దాటిన మనిషి. నాకు గురువు. నన్ను అడుగుతున్నాడు. నేను దాచుకున్న తిట్లన్నీ ఆయన్ని దాటిపోయి, పేరు కూడా తెలియని ఆ సూపర్‌వైజర్ దగ్గరకు పోయాయి.

"మంచిదే మామా. మొదటి సంది మంచిదే," అన్నాను. ఆయన తల ఊపి, మెషిన్ ఎక్కించేవాళ్ళకు తాడు అందించడానికి పోయాడు.